ఉపదేశులకు శ్రీసభ బాకీ

2025 అక్టోబర్ 19న పోప్ 14వ లియో రోమ్‌లో ఏడుగురిని పునీతులుగా ప్రకటించారు. వారిలో పీటర్ టు రాట్ ఒకరు. ఆయన గురువు (ఫాదర్) కాదు, మఠవాసి కాదు. పపువా న్యూగినీలోని రాకునై అనే పల్లెలో భార్యాపిల్లలతో బతికిన ఉపదేశి. 1942లో జపాన్ సైన్యం ఆ దీవులను ఆక్రమించి విదేశీ గురువులను నిర్బంధించింది. అప్పుడు ఆ పల్లెలో పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చింది, పెళ్లిళ్లకు సాక్షిగా నిలిచింది, రోగుల పక్కన కూర్చుని జపం చెప్పింది, పిల్లలకు సత్యోపదేశం నేర్పింది ఆయనే. ఇద్దరేసి భార్యలను చేసుకునే పాత పద్ధతిని ఆక్రమణదారులు మళ్లీ ప్రోత్సహిస్తే ఆయన ఎదిరించారు. అందుకు జైల్లో పెట్టి, 1945 జులైలో విషపు సూది వేసి చంపారు. అప్పటికి ఆయన వయసు 33 ఏళ్లు. ఆ దేశానికి తొలి పునీతుడు ఆయనే.

ఆయన జీవితంలో ఎక్కువమంది పట్టించుకోని ఘట్టం ఒకటుంది. 1930లో, 18 ఏళ్ల వయసులో, మిషనరీలు ఆయనను తాలిలిగాప్‌లో ఉన్న ఉపదేశుల పాఠశాలకు పంపారు. అక్కడ బైబిలు చదివారు, బోధన నేర్చుకున్నారు, చదువు ముగించి ఉపదేశి సిలువ అందుకుని సొంత ఊరికి తిరిగొచ్చారు. గురువులందరూ చెరలో ఉన్న నాడు రాకునై సంఘం చెదరకుండా నిలబడిందంటే, అంతకు పన్నెండేళ్ల ముందే ఒక పల్లె కుర్రవాడి చదువుకు ఎవరో డబ్బు, శ్రద్ధ, కాలం వెచ్చించారు కాబట్టే.

తెలుగు రాష్ట్రాల్లోని కతోలిక సంఘం ఈ ఘట్టం దగ్గర ఆగి ఆలోచించాలి. ఇక్కడ కూడా పల్లెపల్లెనా విశ్వాసాన్ని నిలబెట్టింది ఉపదేశులే. కానీ వారి శిక్షణ ఎలా సాగుతోంది? వారి ఇల్లు ఎలా గడుస్తోంది? వృద్ధాప్యంలో వారిని ఎవరు చూస్తున్నారు? మేత్రాసనాలు (డయోసిస్‌లు), విచారణలు (పారిష్‌లు) తమ ఖర్చుల పట్టికలో ఉపదేశుల శిక్షణను, జీతాన్ని మొదటి పద్దుగా రాసుకోవాల్సిన సమయం వచ్చింది. అది దయతో చేసే సాయం కాదు. కతోలిక శ్రీసభ తన చట్టంలో తానే రాసుకున్న బాధ్యత.

కతోలిక సంఘంతో పరిచయం లేని పాఠకులకు ఈ వ్యవస్థ గురించి కొంత చెప్పాలి. విచారణ అంటే ఒక ఊళ్లోని గుడి ఒక్కటే కాదు. కేంద్రంగా ఒక ఊరు, దాని చుట్టూ చిన్న చిన్న ప్రార్థనా మందిరాలున్న పల్లెలు కలిస్తే ఒక విచారణ. దానికి ఒకరో ఇద్దరో గురువులు ఉంటారు. పెద్ద గుడిలో ప్రతి ఆదివారం దివ్యపూజ జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెలకు గురువు నెలకు ఒకటి రెండుసార్లు వస్తే గొప్ప. మిగిలిన రోజులన్నీ ఉపదేశివే.

సాయంత్రం గంట కొట్టి జపమాల చెప్పించేది ఉపదేశి. గురువు రాని ఆదివారం వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పేది ఉపదేశి. ప్రథమ సత్ప్రసాదానికి పిల్లలను సిద్ధం చేసేదీ, తపస్సు కాలంలో సిలువ మార్గం నడిపించేదీ ఆయనే. ఎవరి ఇంట చావు జరిగినా అర్ధరాత్రి తలుపు తట్టేది ఆయన ఇంటిదే. గురువు వచ్చిన రోజున ఏ ఇంట్లో రోగి ఉన్నాడు, ఏ దంపతులు మాట్లాడుకోవడం లేదు, ఏ బిడ్డ బడి మానేసింది అన్న సంగతులు ఆయనకు చెప్పేదీ ఉపదేశే. గురువులు కొన్నేళ్లకోసారి బదిలీ అవుతారు. ఉపదేశి మాత్రం అదే ఊళ్లో ముప్పై, నలభై ఏళ్లు ఉంటాడు. మూడు తరాల పేర్లు ఆయనకు నోటికి వస్తాయి.

తెలుగు కతోలికుల్లో అత్యధికులు దళితులు. ఎన్నో వాడల్లో చదవడం, రాయడం వచ్చిన తొలి మనుషుల్లో ఉపదేశి ఒకడు. అర్జీ రాసిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, పిల్లలను హాస్టల్లో చేర్పించడం కూడా ఆయన పనుల్లో చేరిపోయాయి. అందుకే ఉపదేశి చదువు గుడి గోడల లోపలి వ్యవహారంగా మిగలదు. దాని మంచిచెడ్డలు వాడ అంతటికీ తగులుతాయి.

ఈ వ్యవస్థకు తెలుగు నేలపై మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 18వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫ్రెంచి యేసుసభ గురువులు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు, కృష్ణాపురం, ముదిగుబ్బ ప్రాంతాల్లో పనిచేశారు. వారి సంఖ్య ఎప్పుడూ వేళ్ల మీద లెక్కపెట్టేంతే. భాష తెలిసిన, ఊరి మర్యాద తెలిసిన స్థానిక ఉపదేశులు లేకపోతే వారు ఒక్క ఊళ్లో కూడా నిలదొక్కుకోగలిగేవారు కాదు. క్రీస్తు చరిత్రను తెలుగు పద్యకావ్యంగా చెప్పిన మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం' కూడా ఆ శతాబ్దానిదే. విశ్వాస బోధ తొలినాళ్లలోనే తెలుగు ఛందస్సులోకి వచ్చి కూర్చుంది.

1773లో పోప్ 14వ క్లెమెంట్ యేసుసభనే రద్దు చేశారు. గురువుల రాక దాదాపు ఆగిపోయింది. యుద్ధాలు, కరవులు తరిమితే రాయలసీమ కతోలిక కుటుంబాలు కొన్ని గుంటూరు సీమకు వలస వచ్చాయి. ఆ తరాలు గురువు ముఖం చూడకుండా ఏళ్లకేళ్లు గడిపాయి. అయినా జపాలు మరిచిపోలేదు, పండుగలు తప్పలేదు, పిల్లలకు జ్ఞానస్నానం ఆగలేదు. 19వ శతాబ్దంలో విశాఖ వైపు సేల్సు సభవారు, హైదరాబాద్, కృష్ణా ప్రాంతాలకు మిలాన్ మిషనరీలు, 1875 తర్వాత గుంటూరు, నెల్లూరు ప్రాంతాలకు మిల్‌హిల్ మిషనరీలు వచ్చారు. ఫిరంగిపురం లాంటి చోట్ల అప్పటికే సంఘాలు ఉన్నాయి. వాటిని అంతకాలం కాపాడింది ఇంటి పెద్దలు, జపం చెప్పే ముసలమ్మలు, ఊరి ఉపదేశులు.

ప్రపంచంలో ఇలాంటి ఉదాహరణలు చాలా ఉన్నాయి. కొరియాలో 1784లో కతోలిక సంఘాన్ని మొదలుపెట్టింది పుస్తకాలు చదివి విశ్వాసంలోకి వచ్చిన గృహస్థులు. అక్కడికి తొలి గురువు చేరింది 1795లో. వియత్నాంలో అలెగ్జాండర్ ద రోడ్స్ అనే యేసుసభ గురువు తనను దేశం నుంచి వెళ్లగొడతారని ముందే ఊహించి, స్థానిక యువకులను చేరదీసి వైద్యంతో సహా నేర్పి ఉపదేశుల బృందంగా తీర్చిదిద్దాడు. వారిలో ఒకడైన ఫూయెన్ ఆండ్రూ 1644లో, ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే, విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడు. ఉగాండాలో డౌదీ ఒకేలో, జిల్దో ఇర్వా అనే ఇద్దరు కుర్ర ఉపదేశులు 1918లో హతులయ్యారు. 2002లో శ్రీసభ వారిని ధన్యులుగా ప్రకటించింది. సంఘం గట్టిపడిన ప్రతి చోటా ఎవరో ముందుగా ఉపదేశులను ఎంచి, చదివించి, నమ్మి పని అప్పగించారు.

మరి నేడు? తెలుగు మేత్రాసనాలకు గురువుల కొరత ఒకప్పటిలా లేదు. తెలుగు గురువులు అమెరికా, ఐరోపా విచారణలకు కూడా వెళ్లి సేవ చేస్తున్నారు. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లో తొలి కార్డినల్ ఆయనే. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టి, పేదరికం వల్ల ఏడో తరగతితో ఆగిన చదువును మిషనరీల చేయూతతో కొనసాగించిన మనిషి. ఇవన్నీ గర్వించదగిన సంగతులే.

కానీ గురువులు, మఠకన్యలు, బడులు పెరిగిన కొద్దీ ఉపదేశి వెనక వరుసలోకి జరిగిపోయాడు. పాత తరం ఉపదేశులు పెద్దవారయ్యారు. వారి కొడుకులు ఆ పనికి రావడం లేదు. ఎందుకు వస్తారు? నాన్న జీవితమంతా కళ్లారా చూశారు. ఇంటి ఖర్చుకు చాలని నెలసరి భత్యం, పైన కూలిపని, పింఛను లేని ముసలితనం. కూతురి పెళ్లికి, భార్య ఆపరేషన్‌కు గురువు దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిన పరిస్థితి. ఊరంతటికీ ధైర్యం చెప్పే మనిషి ఇంట్లో అంత అభద్రత ఉంటే, ఆ సేవ మీద యువకులకు గౌరవం ఉన్నా ఆశ మిగలదు.

మరోవైపు బోధన కష్టతరమైంది. నలభై ఏళ్ల క్రితం ప్రశ్న, జవాబు కంఠస్థం చేయిస్తే ఉపదేశి పని సగం పూర్తయ్యేది. ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల సైన్సు పుస్తకంలో జీవపరిణామం చదివి వచ్చి, ఆరు రోజుల సృష్టి సంగతి ఏమిటని అడుగుతుంది. శిక్షణ లేని ఉపదేశి కోప్పడతాడు, లేదా మాట దాటేస్తాడు. నిజానికి మానవ దేహం పరిణామక్రమంలో రూపొందిందన్న వాదాన్ని పండితులు పరిశోధించి చర్చించుకోవచ్చని పోప్ 12వ పయస్ 1950లోనే చెప్పారు. బైబిలు గ్రంథాల్లో చరిత్ర, కవిత్వం, ప్రవచనం వంటి వేర్వేరు సాహిత్య రూపాలు ఉన్నాయని, వాటిని గుర్తెరిగి చదవాలని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. ఈ రెండు సంగతులు తెలిసిన ఉపదేశి ఆ పిల్ల ప్రశ్నను సంతోషంగా అందుకుంటాడు. తెలియని ఉపదేశి ముందు ఆ పిల్ల ఇంకెప్పుడూ ప్రశ్న అడగదు. పదిహేనేళ్లకు గుడికి రావడమే మానేస్తుంది.

ఫోన్లో రోజంతా బోధకుల వీడియోలు వస్తాయి. వాటిలో మంచివీ ఉంటాయి, భయపెట్టేవీ ఉంటాయి, ఇతర మతాలను కించపరిచేవీ ఉంటాయి. సరైన చదువు లేకపోతే ఉపదేశి కూడా వాటినే వల్లె వేసే ప్రమాదం ఉంది. ఇతర మతాల్లోని సత్యమైన, పవిత్రమైన వేటినీ కతోలిక సంఘం తోసిపుచ్చదని 1965 అక్టోబర్ 28న వెలువడిన 'నోస్త్రా ఏతాతే' ప్రకటన స్పష్టం చేసింది. ఊళ్లో రామాలయం, దర్గా, చర్చి పక్కపక్కనే ఉన్న చోట పనిచేసే మనిషికి ఆ ప్రకటన సారాంశం నోటికి వచ్చి ఉండాలి. మత స్వేచ్ఛపై రాజ్యాంగం 25వ అధికరణం తనకు ఇచ్చే హక్కేమిటో, దాని హద్దులేమిటో కూడా తెలిసి ఉండాలి. మతం పేరుతో మాట తూలితే ఊరు తగలబడే రోజుల్లో, ఉపదేశి శిక్షణ సమాజ శాంతికి సంబంధించిన విషయం కూడా.

ఇప్పుడు శ్రీసభ తనకు తాను ఏమని రాసుకుందో చూద్దాం. 1965 డిసెంబర్ 7న రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన 'ఆద్ జెంతెస్' పత్రం 17వ అంశం పూర్తిగా ఉపదేశుల గురించే. మేత్రాసన స్థాయిలోనూ ప్రాంతీయ స్థాయిలోనూ ఉపదేశుల పాఠశాలలు పెరగాలని, చదువుకున్నవారికి ఎప్పటికప్పుడు పునశ్చరణ తరగతులు జరపాలని, పూర్తికాలం పనిచేసేవారికి న్యాయమైన వేతనంతో గౌరవంగా బతికే వీలు, సామాజిక భద్రత ఉండాలని అందులో ఉంది. ఈ మాటలు వచ్చి అరవై ఏళ్లు దాటింది.

1983 నాటి శ్రీసభ చట్టం ఇంకా నేరుగా చెబుతుంది. ఉపదేశులు తగిన శిక్షణ పొందేలా, అది జీవితాంతం కొనసాగేలా, బోధనా పద్ధతులు సిద్ధాంతంగానూ ఆచరణలోనూ నేర్చుకునేలా చూడడం బిషప్ విధి అని 780వ సూత్రం అంటుంది. శ్రీసభ సేవకు అంకితమైన గృహస్థులకు తమ పరిస్థితికి తగిన వేతనం పొందే హక్కు ఉందని, బీమా, సామాజిక భద్రత, ఆరోగ్య సదుపాయాలు కూడా ఆ హక్కులో భాగమని 231వ సూత్రం చెబుతుంది. ఈ మాట తెలియని ఉపదేశులు చాలామంది తమకు అందేది గురువు గారి దయ అనుకుంటారు. వారికి తమ హక్కును వివరించి చెప్పాల్సింది కూడా గురువులే.

2021 మే 10న పోప్ ఫ్రాన్సిస్ మరో అడుగు వేశారు. 'అంతీక్వుమ్ మినిస్తేరియుమ్' అనే లేఖతో ఉపదేశి సేవను శ్రీసభలో ఒక అధికారిక పరిచర్యగా స్థాపించారు. బైబిలు, వేదాంతం, సంఘ సేవ, బోధనా శాస్త్రం ఈ నాలుగింటిలో తగిన శిక్షణ పొందినవారిని బిషప్ ఒక ప్రత్యేక విధితో ఈ పరిచర్యలో నియమిస్తారు. 2022 జనవరి 23న, దైవవాక్య ఆదివారం నాడు, పోప్ స్వయంగా పునీత పేతురు దేవాలయంలో కొందరు స్త్రీ పురుషులను ఇలా నియమించారు. శిక్షణకు, ఎంపికకు నియమాలు రూపొందించే పనిని ఆయా దేశాల బిషప్పుల సమాఖ్యలకు అప్పగించారు. లేఖ వచ్చింది, విధి పుస్తకం వచ్చింది. అవి పల్లె ఉపదేశి ఇంటిదాకా రావాలి.

స్త్రీ పురుషులు అన్న మాట ఇక్కడ చాలా ముఖ్యం. తెలుగు పల్లెల్లో ఉపదేశి అంటే మగవాడే అన్న అలవాటు పాతుకుపోయింది. కానీ ఉపదేశి భార్య ఆ పనిలో సగం మోస్తుంది. ఆడవాళ్లతో మాట్లాడడం, బాలింతలను చూడడం, పిల్లలకు పాటలు నేర్పడం, మందిరం ఊడ్చి ముగ్గు వేయడం ఆమె వంతు. ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు, ఒక్క రూపాయి కూడా అందదు. పట్టణాల్లో ఆదివారం సత్యోపదేశ తరగతులు నడిపేవారిలో ఆడవారే ఎక్కువ. 2021 జనవరి 10న 'స్పిరితుస్ దోమినీ' లేఖతో వాక్యపఠన, పీఠసేవ పరిచర్యలు స్త్రీలకు అధికారికంగా తెరుచుకున్నాయి. నాలుగు నెలలకే వచ్చిన ఉపదేశి పరిచర్యలో మొదటినుంచీ స్త్రీలకు చోటుంది. మేత్రాసనాలు శిక్షణ కోసం పేర్లు రాసేటప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయాలి. భత్యం కూడా ఇద్దరికీ లెక్కకట్టాలి.

శిక్షణ అనగానే రెండు రోజుల సదస్సు, ఫైలు, భోజనం, గ్రూపు ఫొటో గుర్తుకొస్తే ఉపయోగం లేదు. దేశంలో ఈ విషయమై తీవ్రంగా ఆలోచించినవారు ఉన్నారు. రెండవ వాటికన్ మహాసభ ముగిసిన రెండేళ్లకే, 1967లో, డి.ఎస్. అమలోర్పవదాస్ అనే గురువు బెంగళూరులో బైబిలు, సత్యోపదేశం, ఆరాధనల జాతీయ కేంద్రాన్ని నెలకొల్పారు. విశ్వాస బోధ భారతీయ సంస్కృతిలో వేళ్లూనాలని, గృహస్థులకు గట్టి చదువు చెప్పాలని ఆయన పట్టుదల. దేశం నలుమూలల నుంచి వచ్చినవారు అక్కడ చదువుకున్నారు. అలాంటి చదువు కూలి మానుకుని వెళ్లలేని పల్లె ఉపదేశికి తెలుగులో, తన జిల్లాలో దొరకాలి.

అది సాధ్యమే. రెండేళ్ల పాఠ్యక్రమం అనుకుందాం. నెలకు ఒక శనివారం, ఆదివారం మేత్రాసన కేంద్రంలో తరగతులు. వేసవిలో పది రోజులు అక్కడే ఉండి చదువు. మధ్యలో ఫోనుకు వచ్చే ఆడియో పాఠాలు. ఊళ్లో చేసిన బోధనను దగ్గరుండి చూసి సరిదిద్దే ఒక గురువో, సిస్టరో, అనుభవం ఉన్న ఉపదేశో ప్రతి ఒక్కరికీ తోడు. తరగతికి వచ్చిన రోజులకు పోయిన కూలి డబ్బు విచారణ చెల్లించాలి. చివర పరీక్ష, ఆ తర్వాత ఊరి సంఘం అంతా చూస్తుండగా బిషప్ చేతుల మీదుగా నియామకం. సికింద్రాబాద్‌లోని అమృతవాణి వంటి సంస్థలకు తెలుగులో ఆడియో, వీడియో, పుస్తకం తయారుచేసే అనుభవం దశాబ్దాలుగా ఉంది. మేత్రాసనానికొక పుస్తకం రాసుకోవాల్సిన అవసరం లేదు. తెలుగు మేత్రాసనాలన్నీ కలిసి ఒకే పాఠ్యక్రమం సిద్ధం చేసుకోవచ్చు.

ఆ పాఠ్యక్రమంలో ఏముండాలి? వాటికన్ 2020లో విడుదల చేసిన సత్యోపదేశ మార్గదర్శి, ఉపదేశి మనిషిగా ఎదగడం, ఇతరులతో మెలగడం, విషయం తెలియడం, నేర్పడం తెలియడం అన్నీ శిక్షణలో భాగమేనంటుంది. తెలుగు పరిస్థితికి వస్తే బైబిలు, శ్రీసభ బోధ, ఆరాధనా సంవత్సరం ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు పిల్లల మనస్తత్వం, కథ చెప్పే నేర్పు, కోలాటం, బుర్రకథ లాంటి మన కళారూపాలు ఉండాలి. తాగుడు వల్ల కూలిపోయే కుటుంబాలతో, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న యువతతో మాట్లాడే పద్ధతి ఉండాలి. పిల్లల భద్రత తప్పనిసరి. 2012 నాటి పోక్సో చట్టం ఏం చెబుతుందో, పిల్లలతో ఏకాంతంగా ఎందుకు ఉండకూడదో, అనుమానం వస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియకుండా ఏ ఒక్కరినీ పిల్లల తరగతిలోకి పంపకూడదు. చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం బాధ్యత. ఈ విషయంలో సంఘం పరువు అనే మాటకు తావు లేదు.

నగరాల సమస్య వేరు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఆదివారం పూజ తర్వాత పిల్లలకు తరగతులు చెప్పేది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. వారిలో కాలేజీ విద్యార్థులున్నారు, బడి టీచర్లున్నారు, వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులున్నారు. వారికి డబ్బు అవసరం తక్కువ, పద్ధతి అవసరం ఎక్కువ. పాఠ ప్రణాళిక, తరగతికి తగినంత చోటు, ఏడాదికోసారి ధ్యాన శిబిరం, ప్రతి నెలా ఒక శిక్షణ గంట చాలు, వారి పనితీరే మారిపోతుంది. దుబాయిలోని సెయింట్ మేరీస్ విచారణ ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ వేల సంఖ్యలో పిల్లలు సత్యోపదేశానికి వస్తారు. వందల మంది స్వచ్ఛంద బోధకులు తరగతులవారీగా బాధ్యతలు పంచుకుని నడిపిస్తారు. గల్ఫ్‌కు వెళ్లిన తెలుగు కతోలిక కుటుంబాల పిల్లలు కూడా అలాంటి తరగతుల్లో పెరుగుతున్నారు. పరాయి దేశంలో, పరిమితమైన స్థలంలో సాధ్యమైన క్రమశిక్షణ సొంత గడ్డపై ఎందుకు సాధ్యం కాదు?

జీతం ఇస్తే సేవాభావం పోతుందని కొందరు పెద్దలు అంటారు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. డబ్బు కోసమే వచ్చేవారు ఉంటారన్న భయం నిజమైనదే. దానికి మందు సరైన ఎంపిక, శిక్షణ, పర్యవేక్షణ. ఆకలి మాత్రం మందు కాదు. గురువులకు భత్యం ఉంది, వసతి ఉంది, వృద్ధాప్యంలో ఆశ్రయం ఉంది. వాటివల్ల వారి త్యాగం తగ్గిందని ఎవరూ అనరు. భార్య, పిల్లలు, అద్దె, ఫీజులు ఉన్న ఉపదేశికి అవే ఏర్పాట్లు చేస్తే సేవాభావం ఎలా పోతుంది?

డబ్బెక్కడిది అన్నది రెండో ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు ప్రభుత్వం నెలకు రూ.5,000 గౌరవ వేతనం ఇచ్చే పథకం తెచ్చింది. అలాంటి పథకాలు ప్రభుత్వాల ఇష్టాయిష్టాలతో మారుతుంటాయి. తన బోధకుడిని పోషించే బాధ్యతను సంఘం ప్రభుత్వానికి వదిలేయకూడదు. సంఘానికి ఆ శక్తి ఉంది కూడా. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పోలిన్ జారికో అనే యువతి మిల్లు కార్మికులను పది మంది చొప్పున జట్లుగా చేసి, ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక చిన్న నాణెం చందా వసూలు చేయడం మొదలుపెట్టింది. అదే ఎదిగి 1822లో, ప్రపంచమంతటా మిషన్లను పోషించిన విశ్వాస వ్యాప్తి సంఘమైంది. 1926లో ఏర్పాటై, ఏటా అక్టోబర్‌లో జరిగే మిషన్ ఆదివారం చందాలు ఆ నిధికే వెళ్తాయి. 2022లో పోలిన్‌ను శ్రీసభ ధన్యురాలిగా ప్రకటించింది. తెలుగు క్రైస్తవ ఇళ్లలోనూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి దేవుడికి పక్కన పెట్టే అలవాటు ఉంది. ఆ పిడికెడు ఉపదేశి నిధికి చేరేలా ఒక పద్ధతి ఏర్పాటు చేయడం విచారణ మండలికి కష్టమేమీ కాదు.

పెద్ద నిధి కూడేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి రూ.436, సురక్షా బీమాకు రూ.20 కడితే చాలు. మొదటిది సహజ మరణానికీ వర్తిస్తుంది, రెండోది ప్రమాదానికి. ఒక్కొక్కటి రూ.2 లక్షల బీమా. వయసు అర్హత ఉన్న ఉపదేశులు నూరు మంది ఉన్న మేత్రాసనానికి రెండూ కలిపి ఏడాదికి అయ్యే ఖర్చు రూ.45,600. ఒక గుడి పండుగకు వేసే పందిరి, దీపాలు, మైకుల ఖర్చు దీనికంటే ఎక్కువే ఉంటుంది. 18 నుంచి 40 ఏళ్ల లోపు ఉపదేశులను అటల్ పింఛను యోజనలో చేర్పించి చందాలో సగం విచారణ భరించవచ్చు. 60 ఏళ్లు నిండాక వారికి నెలకు రూ.1,000 నుంచి రూ.5,000 దాకా పింఛను వస్తుంది. ఆ వయసు దాటిన పెద్దలకు మేత్రాసనం సొంత నిధి పెట్టుకోవాలి. ఆరోగ్య బీమా, పిల్లలకు కతోలిక బడుల్లో ఫీజు మాఫీ తక్షణం చేయగలిగిన పనులు. పూర్తికాలం పనిచేసేవారి జీతానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనాన్ని కొలమానంగా పెట్టుకోవాలి. విచారణ పేదదైతే లోటును మేత్రాసన ఉమ్మడి నిధి పూడ్చాలి. పట్టణ విచారణల దగ్గర, యాత్రాస్థలాల దగ్గర వచ్చే కానుకల్లో ఒక నిర్ణీత భాగం ఆ నిధికి చేరితే పల్లె ఉపదేశి జీతం ఒక్క గురువు మంచితనం మీద ఆధారపడాల్సిన స్థితి పోతుంది.

గురువులు పెరిగారు కదా, ఉపదేశి అవసరం ఇంకా ఉందా అన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. గురువు ప్రధాన పని దివ్య సంస్కారాలు, సంఘ నాయకత్వం. రోజూ వాడలో బతుకుతూ, కూలికి వెళ్లి వచ్చిన తల్లితో అరుగు మీద మాట్లాడుతూ, పిల్లవాడికి పక్కన కూర్చుని సిలువ గుర్తు వేయడం నేర్పడం ఆయన ఒక్కడి వల్ల కాదు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. కుటుంబం నడపడం, అప్పు తీర్చడం, బిడ్డను కనడం, పొలం ఎండితే దిగులు పడడం తెలిసిన మనిషి నోటి నుంచి వచ్చే విశ్వాసం మాటకు వాడలో ప్రత్యేకమైన విలువ ఉంటుంది. దాన్ని శ్రీసభ పోగొట్టుకోకూడదు.

చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి మేత్రాసనం ముందుగా తన ఉపదేశుల పేర్లు, వయసు, చదువు, సేవాకాలం, ఇప్పుడు అందుతున్న భత్యం రాసి ఒక జాబితా సిద్ధం చేయాలి. బీమా ఈ ఏడాదే మొదలవ్వాలి. వచ్చే వేసవికి ఉమ్మడి పాఠ్యక్రమంతో తొలి శిక్షణ బృందం కూర్చోవాలి. అందులో సగమైనా స్త్రీలు ఉండాలి. రెండేళ్లు ముగిసేసరికి తొలి ఉపదేశులు అధికారిక పరిచర్యలో నియమితులు కావాలి. విచారణ సభల్లో ఏటా లెక్కలు చదివినప్పుడు కట్టడాలకు ఎంత ఖర్చయిందో చెబుతారు. ఆ పక్కనే ఉపదేశుల చదువుకు, జీతానికి, బీమాకు ఎంత ఖర్చయిందో కూడా చదవమని విశ్వాసులు అడగాలి. ఆ అంకె చెప్పలేని విచారణలో, మండలి సభ్యులు ఆ రోజే తీర్మానం రాసి బిషప్‌కు పంపాలి.